నాలుగు వైపులా తెరిచి ఉన్న కట్టడం: చైనా మంటపాలు, వాటి చుట్టూ అల్లుకున్న సాహిత్యం

పాతపుస్తకం:

సాంగ్ రాజవంశ కాలపు చైనా గద్యాన్ని అనువాదాలలో చదువుతున్నప్పుడల్లా ఒక ప్రశ్న ఎదురవుతూ ఉండడంతో ఈ చర్చను మొదలుపెడుతున్నాను. ఆ కాలపు ఉత్తమ వచనంలో చెప్పుకోదగిన భాగం రాజప్రాసాదాల మీదో ఆలయాల మీదో కాక, నాలుగో ఆరో స్తంభాలు, వాటి మీద ఒక కప్పు, చుట్టూ గోడలేమీ లేని చిన్న మంటపాల మీద రాసినది. చైనీయులు ‘టింగ్’ అని పిలిచే ఈ కట్టడంలో కాపురం ఉండలేము, ధాన్యం దాచుకోలేము, పూజ కూడా సాధారణంగా జరగదు. అటువంటి దానికి ఇంత సాహిత్యం ఎందుకు పుట్టింది?

నాకు తోచిన సమాధానంలో ఒక భాగం రాజకీయాలకు సంబంధించినది. 1043లో ఫాన్ జోంగ్‌యాన్ నాయకత్వంలో మొదలైన పరిపాలనా సంస్కరణలు రెండేళ్లు తిరగకుండానే కూలిపోయాయి. ఆ పక్షం వారు ఒక్కొక్కరుగా రాజధానికి దూరమయ్యారు. వారిలో సు షున్‌చిన్ సుజౌ నగరానికి వెళ్లి ట్సాంగ్‌లాంగ్ మంటపాన్ని కట్టుకున్నాడు. ఓయాంగ్ షియు 1045లో చుజౌ అనే చిన్న ఊరికి పాలకుడిగా వెళ్లి, మరుసటి ఏడాది ‘ముసలి తాగుబోతు మంటపం’ గురించి చైనాలో బడిపిల్లలు నేటికీ కంఠస్థం చేసే వ్యాసాన్ని రాశాడు. అధికారం పోయిన మనిషి మంటపం దగ్గరికి చేరడం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం. కట్టడపు పని తెలిసినవారు, చరిత్ర చదివినవారు తమ మాట చెప్పాలని కోరుతున్నాను.

కొయ్యపని:

సాహిత్యం సంగతి మీరు చూసుకోండి, నేను కట్టడం సంగతి చెబుతాను, ఎందుకంటే అది ఎలా నిలబడుతుందో తెలియకపోతే మిగిలినదంతా గాలిలో మాటలుగానే మిగులుతుంది. స్తంభాలను భూమిలో పాతరు. చెక్కిన రాతి పీఠాల మీద నిలబెడతారు. స్తంభాల తలలను అడ్డదూలాలతో కట్టివేసి, ఆ దూలాల మీద నుంచి వాసాలను పైకి లేపి మధ్యలో ఒక బిందువు దగ్గర కలుపుతారు. అలా కలిసేచోట చాలా మంటపాలలో నేలను తాకని ఒక పొట్టి స్తంభం వేలాడుతూ ఉంటుంది. దానిని ‘పిడుగు దేవుడి స్తంభం’ అంటారు; మూలవాసాల కొనలన్నీ దానిలోకి దిగి, ఒకదానినొకటి నెట్టుకుంటూ దానిని గాలిలోనే పట్టి ఉంచుతాయి. దాని తల కప్పును దాటి పైకి వచ్చిన చోట కలశం వంటి శిఖరాన్ని బిగిస్తారు.

అతుకులలో ప్రధానమైన బలం మేకులది కాదు. ఒక కర్ర కొనను సన్నగా చెక్కి మరొక కర్రలో తొలిచిన గాడిలోకి దించుతారు, పైనున్న పెంకుల బరువు ఆ అతుకును మరింత బిగిస్తుంది. గోడలు లేకపోవడం వలన పక్క నుంచి వచ్చే గాలి తోపును తట్టుకోవడానికి ఈ అతుకులలోని కొద్దిపాటి సాగుడే ఆధారం. అందుకే కప్పు చూడడానికి తేలికగా ఎగిరిపోతున్నట్టు ఉన్నా, నిజానికి అది బరువైనది, బరువుగా ఉండవలసినది కూడా.

చూరు మూలలు పైకి లేచే తీరులో ఉత్తరానికీ దక్షిణానికీ తేడా ఉంది. బీజింగ్ మంటపాలలో మూల నిదానంగా, కాస్త మాత్రమే లేస్తుంది. సుజౌ పనివారు మూలవాసం కొన మీద మరొక చిన్న వాసాన్ని దాదాపు నిలువుగా నిలబెట్టి చూరును కొమ్ములా తిప్పుతారు. స్తంభాల మధ్య కూర్చోవడానికి బల్ల, దానికి నీటివైపు వంపు తిరిగిన ఆనుడు కమ్మీలు ఉంటాయి. స్తంభాల పైభాగంలో దూలం కింద జాలీ చట్రం వేలాడుతుంది. కింద కమ్మీ, పైన జాలీ, రెండు పక్కలా స్తంభాలు కలిసి బయటి దృశ్యానికి పటం కట్టినట్టు చేస్తాయి. లోపల కూర్చున్నవాడు చూడవలసినది మంటపాన్ని కాదు, ఆ పటంలోని చెరువును.

నీలికలువ:

మంటపం మొదట్లో విలాసానికి పుట్టినది కాదని గుర్తుంచుకోవాలి. చిన్, హాన్ సామ్రాజ్యాల కాలంలో రహదారుల పొడవునా పది ‘లీ’లకు (‘లీ’ చైనా దూరపు కొలత) ఒకటి చొప్పున, అంటే ఇంచుమించు నాలుగు కిలోమీటర్లకు ఒక ప్రభుత్వ ఠాణా ఉండేది. దానినీ ‘టింగ్’ అనే పిలిచేవారు. అక్కడి అధికారి దొంగలను పట్టుకునేవాడు, దారిన పోయే ప్రభుత్వోద్యోగులకు బస చూపేవాడు. క్రీ.పూ. 202లో హాన్ వంశాన్ని స్థాపించి చక్రవర్తి అయిన ల్యూ బాంగ్ తొలి ఉద్యోగం సిషుయి అనే చోట ఇటువంటి ఠాణాకు పెద్దగా ఉండడమే.

ఠాణా వ్యవస్థ కాలక్రమంలో పోయినా, దారి పక్కన ఆగే చోటు అన్న అర్థం నిలిచిపోయింది. ఊరి నుంచి పది లీల దూరంలో ‘పొడవు మంటపం’, ఐదు లీల దూరంలో ‘పొట్టి మంటపం’ అని కవిత్వంలో పదేపదే వస్తాయి. వెళ్లిపోయేవారిని బంధుమిత్రులు అంతవరకు సాగనంపి, ఒక గిన్నె మద్యం పోసి, విల్లో కొమ్మ విరిచి చేతికిచ్చి వెనుదిరిగేవారు. నాన్‌జింగ్ దగ్గరి లావ్‌లావ్ మంటపం మీద టాంగ్ కాలపు కవి లీ బాయ్ నాలుగు పాదాల పద్యం రాశాడు. లోకంలో గుండె పగిలే చోటు ఏదంటే అతిథులను సాగనంపే ఈ మంటపమేనని మొదలుపెట్టి, విడిపోవడంలోని బాధ వసంతపు గాలికి తెలుసు గనుకనే విల్లో రెమ్మలను పచ్చబడనివ్వడం లేదని ముగిస్తాడు. కొమ్మ పచ్చబడకపోతే విరిచి ఇచ్చేదేమీ ఉండదు, కాబట్టి వీడ్కోలూ ఉండదు అన్నది ఊహ. వాంగ్ షిఫు రాసిన పశ్చిమ గృహ నాటకంలో కూడా నాయికా నాయకులు విడిపోయే ఘట్టం పొడవు మంటపం దగ్గరే జరుగుతుంది.

కనుక పాతపుస్తకం గారు చెప్పిన సాంగ్ అధికారులు మంటపాన్ని ఎంచుకున్నప్పుడు, వారి పాఠకుల మనసులో అప్పటికే ఆ చోటుకు ప్రయాణం, ఎడబాటు అన్న ఛాయలు ఉన్నాయి.

పాతపుస్తకం:

నీలికలువ గారికి ధన్యవాదాలు. సు షున్‌చిన్ కథను కొంచెం వివరంగా చెబితే నా వాదన స్పష్టమవుతుందని అనుకుంటున్నాను.

అతడు ప్రధానమంత్రి దు యాన్‌కు అల్లుడు. రాజధానిలో ప్రభుత్వ పత్రాల కార్యాలయంలో పనిచేసేవాడు. 1044లో ఒక పండుగ నాడు ఆ కార్యాలయంలో పోగుపడిన చిత్తు కాగితాలను అమ్మి, వచ్చిన డబ్బుతో సహోద్యోగులకు విందు ఇచ్చాడు. ఏటా జరిగే అలవాటే అది. సంస్కరణలకు వ్యతిరేకులైనవారు దానిని ప్రభుత్వ సొమ్ము కాజేయడంగా చూపించి, అతడి ఉద్యోగాన్నీ హోదానూ తీసివేయించారు. విందుకు వచ్చిన పేరున్న యువకులు కూడా చెల్లాచెదురయ్యారు. గురి అల్లుడి మీద పెట్టినా, కొట్టదలచినది మామగారినీ ఆయన వెనుకనున్న సంస్కర్తలనూ.

సుజౌకు వచ్చిన సు షున్‌చిన్ నీటి ఒడ్డున పాడుపడిన ఒక పాత తోటను నలభై వేల నాణేలకు కొని, దానిలో ఒక మంటపం కట్టి, పూర్వపు ఒక జాలరి పాటలోని నది పేరు పెట్టాడు. నీళ్లు తేటగా ఉంటే నా టోపీ కుచ్చులు కడుక్కుంటాను, మురికిగా ఉంటే కాళ్లు కడుక్కుంటాను అని ఆ జాలరి పాడతాడు. టోపీ కుచ్చులు అధికారికి గుర్తు. పేరు చదివిన ప్రతి చదువరికీ సంగతి అర్థమైపోయేది. ఓయాంగ్ షియు ఈ కొనుగోలు గురించి ఒక పద్యంలో, చల్లగాలికీ వెన్నెలకూ అసలు వెల లేదు కదా, పాపం నలభై వేలకే అమ్ముడుపోయాయని పరిహసించాడు. సు షున్‌చిన్ ఆ తోటను ఎక్కువకాలం అనుభవించలేదు. 1048లోనే, నలభై దాటీ దాటకుండా మరణించాడు.

ఓయాంగ్ షియు తన విషయంలో మరో దారి పట్టాడు. లాంగ్యా కొండ మీద జ్హిషియాన్ అనే బౌద్ధ భిక్షువు కట్టిన మంటపానికి తన మారుపేరు పెట్టాడు. కొద్దిగా తాగితేనే మత్తెక్కుతుంది, వచ్చినవారిలో వయసులో తానే పెద్ద, కాబట్టి తాను ముసలి తాగుబోతునని చెప్పుకుంటాడు. అప్పటికి అతడికి చైనా లెక్కలో నలభై ఏళ్లే. తాగుబోతు మనసు మద్యం మీద లేదు, కొండలూ నీళ్లూ మధ్యన ఉంది అన్న అతడి వాక్యం తరువాత సామెతగా మారి, పైకి చెప్పేది ఒకటి లోపల ఉద్దేశించేది మరొకటి అన్న అర్థంలో నేడు వాడుకలో ఉంది. నాకు మాత్రం ఆ వ్యాసంలో నచ్చేది మరొక చోటు. బరువులు మోసేవారు పాడుకుంటూ పోవడం, నడిచేవారు చెట్ల కింద ఆగడం, ముందువాడు పిలిస్తే వెనుకవాడు బదులు పలకడం, నడుము వంగిన ముసలివారు, చేయి పట్టుకుని నడిచే పిల్లలు, వీరందరూ మంటపం చుట్టూ ఉన్నారు. గోడలు లేవు కాబట్టే ఊరంతా ఆ వ్యాసంలోకి రాగలిగింది.

మధ్యాహ్నరాగం:

చర్చ బాగుంది గాని, మంటపాన్ని పదవి పోయిన పండితుడి ఆస్తిగా మార్చివేస్తున్నామేమో అన్న సందేహం కలుగుతోంది. జజియాంగ్, జియాంగ్‌షి, హునాన్ ప్రాంతాల కొండదారులలో ఊరివారు చందాలు వేసుకుని కట్టిన దారి మంటపాలు పెద్ద సంఖ్యలో ఉండేవి. కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో చాలావాటిలో వేసవి అంతా ఉచితంగా తేనీరు పోసేవారు. ఆ ఖర్చు కోసం కొంత పొలాన్ని విడిగా కేటాయించి, దాని ఆదాయంతో ఒక మనిషిని నియమించే పద్ధతి ఉండేది. మన చలివేంద్రం పెట్టే దాత మనసు ఎటువంటిదో వీటిని కట్టినవారి మనసూ అటువంటిదే. వీటి గురించి ఏ మహారచయితా వ్యాసం రాయలేదు. దాతల పేర్లు చెక్కిన ఒక రాతి ఫలకమే వాటి సాహిత్యమంతా.

ఇంకా బావుల మీద మంటపాలు ఉన్నాయి. బీజింగ్ రాజప్రాసాదంలోని బావి మంటపాల కప్పు నడిమధ్యన ఆకాశం కనిపించేలా తెరిచి ఉంటుంది, నేరుగా దాని కింద బావి నోరు ఉంటుంది. శిలాశాసనాలను వానకు తడవకుండా కాపాడే మంటపాలు వేరే. ఇవన్నీ పనికి వచ్చే కట్టడాలు. ఏ పనికీ రానిదని మొదటి రాతలో అన్నది తోటలలోని మంటపానికే చెల్లుతుంది.

అధికారం పోయినవాడిది మంటపం అన్న మాటకు ఎదురు సాక్ష్యం కూడా చెబుతాను. చైనాలో మంటపాలను విరివిగా కట్టించినవారిలో చియన్‌లాంగ్ చక్రవర్తి చింగ్ వంశపు ఆ చక్రవర్తి ముందు వరుసలో ఉంటాడు. బీజింగ్ వేసవి విడిదిలో పదిహేడు కమానుల వంతెన తూర్పు కొసన ఉన్న కువోరు మంటపం అతడి కాలపుదే. ఎనిమిది కోణాలు, రెండంతస్తుల చూరు, 24 గుండ్రటి స్తంభాలు, 16 చదరపు స్తంభాలు, దాదాపు 130 చదరపు మీటర్ల విస్తీర్ణం. అక్కడ అణకువ ఏదీ కనిపించదు.

పాతపుస్తకం:

మధ్యాహ్నరాగం గారి మాటలో న్యాయం ఉంది, దారి మంటపాల విషయంలో ప్రత్యేకించి. అయితే చక్రవర్తి ఉదాహరణ నా వాదనను పూర్తిగా కొట్టివేయదు. సకలాధికారాలూ ఉన్న చియన్‌లాంగ్ తన విశ్రాంత జీవితం కోసం 1771–1776 మధ్య కట్టించుకున్న తోటలో ఏం పెట్టాడో చూడండి. నేల మీద వంకరటింకర కాలువ చెక్కిన ఒక మంటపం పెట్టాడు. నీళ్ల మీద మద్యం గిన్నె తేలుతూ వచ్చి ఎవరి ముందు ఆగితే వారు పద్యం చెప్పే పాత కవుల ఆట కోసం అది. ఆ కాలువలోకి నీరు సహజంగా రాదు. సేవకులు బావి నుంచి తోడి, రాళ్ల గుట్ట వెనుక దాచిన తొట్లు నింపితే పారుతుంది. చక్రవర్తి కూడా మంటపంలోకి వచ్చేసరికి, కొలువు లేని కవి వేషం కట్టవలసి వచ్చింది.

నీలికలువ:

ఆ ఆటకు మూలమైన సంఘటనను చెప్పకుండా ముందుకు వెళ్లడం బాగుండదు. క్రీ.శ. 353లో, చాంద్రమాన మూడో నెల మూడో రోజున, నేటి షావ్‌షింగ్ దగ్గర లాన్‌టింగ్ అనే చోట లిపికళాకారుడు వాంగ్ షీజ్ నలభైమందికి పైగా మిత్రులను, బంధువులను పిలిచాడు. కీడు తొలగించే వసంత స్నానపు పండుగ అది. వాగు ఒడ్డున వరుసగా కూర్చుని గిన్నెలు వదిలారు. 26 మంది పద్యాలు చెప్పగా, మొత్తం 37 పద్యాలు పోగయ్యాయి. చెప్పలేకపోయినవారు జరిమానాగా మూడేసి గిన్నెలు తాగారు. ఆ పద్యాలకు వాంగ్ షీజ్ రాసిన ముందుమాట 324 అక్షరాలది. తాగిన ఉత్సాహంలో ఎలుక మీసాల కుంచెతో రాశాడని, అందులో ఒకే అక్షరం ఇరవై సార్లు వచ్చినా ఏ రెండుసార్లూ ఒకేలా లేదని ప్రసిద్ధి. చైనా లిపికళకు అది శిఖరం అంటారు.

మూలప్రతి ఇప్పుడు లేదు. టాంగ్ చక్రవర్తి టైజోంగ్ దానిని ఎంతగానో ఇష్టపడి తన సమాధిలోకి తీసుకుపోయాడని కథ. ఉన్నవి నకళ్లే, వాటిలో మేలైనదిగా ఎంచేది ఫెంగ్ చెంగ్‌సు పేరిట ఉన్నది, బీజింగ్ ప్రాసాద మ్యూజియంలో ఉంది. 1965లో చరిత్రకారుడు గువో మోరువో ఆ ముందుమాట అసలు వాంగ్ షీజ్‌దే కాదని వాదించి పెద్ద దుమారం లేపాడు.

ఇక మంటపం సంగతి. నేడు సందర్శకులు చూసే లాన్‌టింగ్ స్థలం నాటిది కాదు. 1548లో అప్పటి పాలకుడు పునర్నిర్మించినప్పుడు కుదిరిన చోటు. అక్కడి పెద్ద శిలాఫలకానికి ముందువైపు కాంగ్‌షి చక్రవర్తి తన చేతిరాతలో ఆ ముందుమాటను, వెనుకవైపు అతడి మనవడు చియన్‌లాంగ్ తన పద్యాన్ని చెక్కించారు. మూల రాతప్రతి లేదు, మూల స్థలమూ కాదు, అయినా లాన్‌టింగ్ అంటే ఏమిటో అందరికీ తెలుసు.

కొయ్యపని:

ఇక్కడ నాకు అభ్యంతరం ఉంది. వ్యాసం బతికి ఉంటే చాలు, కట్టడం ఏదైనా ఒకటే అన్న ధోరణి వడ్రంగి పనికి అన్యాయం చేస్తుంది. కవితల వలన పేరుపొందిన, వుహాన్‌లోని హువాంగ్‌హే బురుజును (‘పసుపు కొంగ బురుజు’) చూడండి. 1884లో కాలిపోయింది. దాని పాత స్థలాన్ని 1957లో యాంగ్‌జీ నది వంతెన తీసుకుంది. 1985లో సుమారు కిలోమీటరు దూరంలో కాంక్రీటుతో 51 మీటర్లకు పైగా ఎత్తున కొత్తది లేపారు. నాన్‌చాంగ్‌లోని టెంగ్‌వాంగ్ కట్టడాన్ని 1989లో 29వసారి కట్టారు, అది కూడా కాంక్రీటే. ఈ రెండూ నిజానికి మంటపాలు కావు, బహుళ అంతస్తుల కట్టడాలు. అయినా జరిగినది ఒకటే. కవిత మిగిలింది, కొయ్య పోయింది, దానితో పాటు అతుకులు కోసే చేయి కూడా ఆ ఊళ్లలో పలచబడింది.

దానికి భిన్నంగా సుజౌలో పని కొనసాగింది. ట్సాంగ్‌లాంగ్ మంటపాన్నే తీసుకోండి. 1696లో సాంగ్ లువో అనే ప్రాంతపాలకుడు దానిని నీటి ఒడ్డు నుంచి తోటలోని గుట్ట మీదికి మార్చాడు. 1860లో తైపింగ్ యుద్ధంలో ధ్వంసమైతే 1873లో మళ్లీ కట్టారు. స్థలం మారింది, కొయ్య మారింది, కాని కట్టే పద్ధతి తెగలేదు. రాతి స్తంభాల మీద చెక్కిన జంట పాదాలలో మొదటిది ఓయాంగ్ షియుదే: చల్లగాలికీ వెన్నెలకూ వెల లేదు. పక్క స్తంభం మీద, దగ్గరి నీళ్లకూ దూరపు కొండలకూ అన్నిటికీ మమత ఉంది అన్న పాదం సు షున్‌చిన్‌ది. ఆ రెండింటినీ జతచేసినవాడు చింగ్ కాలపు లియాంగ్ జాంగ్‌జు. నలభై వేలకు అమ్ముడుపోయిందన్న పరిహాసాన్ని పక్కన పెట్టి, బతికున్నప్పుడు ఉత్తరాలతో పద్యాలతో మాట్లాడుకున్న ఇద్దరు స్నేహితులను ఎనిమిది వందల ఏళ్ల తరువాత పక్కపక్క స్తంభాల మీద నిలబెట్టాడు. సాహిత్యం నిలవడానికి కూడా స్తంభం కావాలి అన్నదే నా మాట.

దూరతీరం:

కొయ్యపని గారి వాదనకు బలం చేకూర్చే ఒక కట్టడం నేను ఉండే న్యూయార్క్‌లోనే ఉంది. మెట్రోపాలిటన్ మ్యూజియం లోపల ఆస్టర్ కోర్ట్ అనే చైనా తోట 1981లో తెరిచారు. సుజౌలోని వాంగ్‌షి తోటలో ఒక చిన్న ప్రాంగణాన్ని నమూనాగా తీసుకున్నారు. గోడకు ఆనుకుని సగం మాత్రమే ఉన్న మంటపం దానిలో ఉంది. దాని భాగాలన్నీ చైనాలో తయారుచేసి, ముందుగా సుజౌలో పూర్తి పరిమాణంలో ఒక నమూనా కట్టి చూసి, తరువాత 27 మంది పనివారు వచ్చి ఇక్కడ బిగించారు. పెంకులు, ఇటుకల కోసం మూతపడిన పాత రాజబట్టీని మళ్లీ వెలిగించారు. స్తంభాలకు నాన్ అనే మేలిరకం కలప వాడారు.

ఇంతా చేసి, మ్యూజియం కప్పు కింద ఉండడం వలన దానిలో గాలి లేదు, వాన లేదు. కూర్చుంటే ప్రతి అతుకూ కనిపిస్తుంది గాని, ఆ మంటపం ఎందుకు కట్టారో అర్థం కావడానికి వాంగ్‌షి తోటకే వెళ్లవలసి వస్తుంది. అక్కడ చెరువు మీదికి పొడుచుకువచ్చిన ఆరుకోణాల మంటపానికి ‘వెన్నెల వచ్చి గాలి వీచే మంటపం’ అని పేరు.

మధ్యాహ్నరాగం:

ఇంతవరకు ఒక్క స్త్రీ కూడా మన చర్చలోకి రాలేదు. మీరెవరూ గమనించినట్టు లేదు. 1598లో టాంగ్ షియాన్‌జు పూర్తి చేసిన ‘పియోనీ మంటపం’ అనే 55 రంగాల నాటకంలో, పదహారేళ్ల దు లినియాంగ్ తన తండ్రి అధికార నివాసం వెనుక తోట ఉందన్న సంగతే ఎరుగదు. మొదటిసారి ఆ తోటలోకి అడుగుపెట్టిన రోజునే, ఒక కలలో, పియోనీ పూల మంటపం దగ్గర ప్రియుడిని కలుస్తుంది. మేలుకున్నాక ఆ కలకై బెంగపడి మరణిస్తుంది, తరువాత ప్రేమ బలంతో తిరిగి బతుకుతుంది. పండితుడికి మంటపం కొలువు నుంచి వచ్చి చేరే చోటు. ఆ అమ్మాయికి అది ఇంటి గడప దాటిన మొదటి చోటు.

నాటకం కాకుండా నిజజీవితంలోనిది కావాలంటే, మనం ఇంతసేపు మాట్లాడుకున్న ట్సాంగ్‌లాంగ్ మంటపమే ఉంది. చింగ్ కాలపు రచయిత షెన్ ఫు తన ఆత్మకథలో దాని గురించి రాసుకున్నాడు. 1780లో పెళ్లయ్యాక అతడూ అతడి భార్య యున్ ఆ తోట పక్కనే కాపురం ఉన్నారు. కోడలిగా వచ్చి ఆరునెలలైనా ఆమె గోడ అవతలి మంటపాన్ని చూడనే లేదు. శరత్కాలపు నిండు పున్నమి నాడు, కాపలావాడితో పరాయివారిని రానివ్వవద్దని ముందుగా మాట్లాడుకుని, సాయంత్రం ఆమెను తీసుకువెళ్లాడు. తివాచీ పరుచుకుని కూర్చున్నారు, టీ తాగారు, చంద్రోదయం చూశారు. ఆ రాత్రి సుజౌ స్త్రీలు పెద్దింటివారూ చిన్నింటివారూ అన్న తేడా లేకుండా గుంపులుగా వీధుల్లో నడిచే ఆచారం ఉన్నా, ఈ మంటపానికి మాత్రం ఎవరూ రాలేదని కూడా అతడే చెబుతాడు. గోడలు లేని కట్టడం అని మనం ముచ్చటపడుతున్నాం గాని, మంటపానికి లేని గోడ తోటకు ఉంది, ఆ గోడకు కాపలా ఉంది.

పాతపుస్తకం:

ఈ మాట చాలా ముఖ్యమైనది. ఊరంతా ఓయాంగ్ షియు వ్యాసంలోకి రాగలిగిందని నేను రాసినది కొండ మీద ఉన్న మంటపానికి సరిపోతుంది. సుజౌ తోటలకు సరిపోదు. ఈ రెండు రకాలను విడదీసి మాట్లాడుకోవడమే మంచిది.

మంటపంలో బయటివాడు ఊహించకుండా ఎదురుపడే సందర్భాన్ని అందంగా చెప్పినది మింగ్ కాలపు రచయిత జాంగ్ దాయ్ రాసిన చిన్న జ్ఞాపకం, అది తోటలోది కాదు, హాంగ్‌జౌ పశ్చిమ సరస్సు మధ్య ద్వీపం మీది మంటపం గురించినది. మింగ్ వంశపు ఆఖరి చక్రవర్తి ఏలుబడి 5వ ఏట చలికాలంలో మూడు రోజులు మంచు కురిసింది. సరస్సు మీద మనుషుల అలికిడి, పక్షుల అరుపు రెండూ ఆగిపోయిన వేళ అతడు ఒంటరిగా మంచు చూడాలని పడవలో బయలుదేరాడు. తీరా మంటపం చేరేసరికి నాన్‌జింగ్ వారు ఇద్దరు తివాచీ పరుచుకుని అప్పటికే కూర్చుని ఉన్నారు, ఒక కుర్రవాడు మద్యం వెచ్చబెడుతున్నాడు. వారు సంతోషంతో పిలిస్తే మూడు గిన్నెలు తాగి వచ్చేశాడు. అయ్యగారిని పిచ్చివారు అనుకోనక్కరలేదు, అయ్యగారంతటి పిచ్చివారు ఇంకా ఉన్నారని పడవవాడు గొణిగాడట. పడవవాడు ఉండగా ఒంటరిగా వెళ్లానని రాసుకోవడం కూడా ఆ వర్గం స్వభావమే, మధ్యాహ్నరాగం గారు ఎటూ అడుగుతారు గనుక నేనే చెబుతున్నాను. ఆ పుస్తకాన్ని అతడు 1644లో మింగ్ వంశం కూలి, ఆస్తంతా పోయిన తరువాత రాశాడు.

నీలికలువ:

చిత్రకళను కూడా కలపాలి. యువాన్ కాలపు నీ జాన్ 1372లో వేసిన ‘రోంగ్‌షి గృహం’ చిత్రం ఇప్పుడు తైపేలోని జాతీయ ప్రాసాద మ్యూజియంలో ఉంది. కింద నాలుగైదు సన్నని చెట్లు, వాటి పక్కన గడ్డికప్పు మంటపం, మధ్యన పొడుగ్గా ఖాళీ కాగితంగా వదిలేసిన నీళ్లు, పైన కొండలు. మంటపంలో ఎవరూ లేరు. అతడి చిత్రాలలో ఎక్కువ భాగం ఇంతే. మంటపంలో ఏ ఒక్క వస్తువూ లేదు గనుకనే అక్కడ కూర్చున్నవాడికి పదివేల దృశ్యాలూ దక్కుతాయని సాంగ్ కాలపు కవి సు షి ఒక పద్యంలో అన్న మాటతో కలిపి దీనిని చూస్తారు. నా మటుకు నాకు నీ జాన్ ఖాళీ మంటపంలో ఆ నిండుదనం కంటే, తిరుగుబాట్ల కాలంలో ఇల్లూ భూములూ వదిలి పడవల మీద తిరిగిన మనిషి పట్టుదలే ఎక్కువ కనిపిస్తుంది.

కొయ్యపని:

మంటపం ప్రతిసారీ కవులదే కాదని చెప్పడానికి రెండు పేర్లు చేరుస్తున్నాను. సేనాని యూ ఫెయ్‌ని 1142లో హాంగ్‌జౌ చెరసాలలోని ఫెంగ్‌బో మంటపం దగ్గర చంపించారని సంప్రదాయం చెబుతుంది. షీఆన్ దగ్గర లీ కొండ మీద, 1936లో చైనా జాతీయవాద నాయకుడు చియాంగ్ కై-షెక్‌ను అతడి సేనాధిపతులే బంధించిన చోట, 1946లో అతడి పక్షం వారు ఒక మంటపం కట్టి ‘ధర్మతేజం’ అన్న అర్థంలో పేరు పెట్టారు. కమ్యూనిస్టులు వచ్చాక అది ‘చియాంగ్‌ను పట్టిన మంటపం’ అయింది. 1986లో మళ్లీ మార్చి, బలప్రయోగంతో చెప్పిన హితవు అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. రాళ్లు అవే. కప్పు కింద వేలాడే పలకను మార్చితే చాలునన్నది ప్రభుత్వాలకు కూడా తెలిసిన విద్యే.

వానతెమ్మెర:

ఇంతవరకు మౌనంగా చదువుతున్నాను. ఉద్యోగరీత్యా త్వరలో షాంఘైకి వెళ్లవలసి ఉంది. దగ్గరలో చూడదగిన మంటపాలు ఏవో పెద్దలు చెబితే సంతోషిస్తాను. పేరు పొందిన ‘నాలుగు మహా మంటపాలు’ అన్న జాబితా చూశాను గాని, అవి చాలా దూరదూరంగా ఉన్నట్టున్నాయి.

నీలికలువ:

ఆ జాబితాను పట్టుకుని తిరగవద్దు. చుజౌలోని ముసలి తాగుబోతు మంటపం, 1695లో కట్టిన బీజింగ్ తావ్‌రాన్ మంటపం, 1792 నాటి చాంగ్‌షా ఐవాన్ మంటపం, పశ్చిమ సరస్సు నడిమి మంటపం అని చెబుతారు. కొందరు ఒకదానిని తీసి లాన్‌టింగ్‌ను పెడతారు. షాంఘై నుంచి మీకు సుజౌ, హాంగ్‌జౌ, షావ్‌షింగ్ మూడూ రైలులో సులువుగా అందుతాయి. సుజౌలో ట్సాంగ్‌లాంగ్, వాంగ్‌షి తోటలతో పాటు జువోజెంగ్ తోటలో విసనకర్ర ఆకారపు చిన్న మంటపం చూడండి. ఎవరితో కూర్చోను, వెన్నెలతో, చల్లగాలితో, నాతో అన్న సు షి మాటల నుంచి దాని పేరు తీసుకున్నారు. కిటికీ, బల్ల, పైకప్పు, అన్నీ విసనకర్ర వంపులోనే ఉంటాయి.

కొయ్యపని:

జువోజెంగ్ తోటకు తెల్లవారి తలుపులు తీసేవేళకే వెళ్లండి. తరువాత జనంతో నిండిపోతుంది. ఏ మంటపంలోనైనా ముందు బల్ల మీద కూర్చుని బయటికి చూసి, ఆ తరువాత తల ఎత్తి కప్పు లోపలి భాగం చూడండి. వేలాడే స్తంభం కొనను పువ్వులా చెక్కిన చోట్లు కొన్ని కనిపిస్తాయి. షావ్‌షింగ్‌కు వెళ్లే వీలుంటే చాంద్రమాన మూడో నెల మూడో రోజుకు కుదుర్చుకోండి. 1985 నుంచి ఏటా ఆ రోజున లిపికళాకారులు లాన్‌టింగ్‌లో చేరి, వాగులో గిన్నెలు వదిలి పద్యాలు చెబుతున్నారు.